ఉమ్మడి కాపురం మాట ఎత్తిన మలేషియా తెలుగు మిత్రులకు

బాగాన్ దతుక్, జొహోర్ బహ్రు మిత్రులకు, ఆ రోజు పెళ్లి పంక్తిలో నా పక్కన కూర్చున్న పెద్దలకు,

నమస్కారం.

ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. చేతిలో గారె ఉంది, పైగా అతిథిని. ఎనభై దాటిన పెద్దాయన, పెళ్లికూతురికి తాత వరస, నా విస్తరి వైపు వంగి అన్న మాట మీకందరికీ గుర్తుండే ఉంటుంది. "సింగపూరంటే మన ఇల్లే కదా బాబూ. కోపాలొచ్చి వేరు కాపురం పెట్టుకున్నారు. సరే, బాగా సంపాదించుకున్నారు. కోపాలూ తీరిపోయాయి. ఇంక ఉమ్మడిలోకి వచ్చేస్తే ఏం పోయింది?" 1963 నుంచి 1965 దాకా సింగపూర్ మలేషియాలో భాగంగా ఉండేది కదా, ఆయన అన్నది ఆ కాపురం సంగతే. పంక్తిలో సగం మంది తలలూపారు. తర్వాత మీ వాట్సాప్ గ్రూపులో అదే మాట వారం రోజులు నడిచింది. చివరికి ఎవరో "అన్నగారు ఏమంటారు, ఆయన అక్కడే ఉంటారు కదా" అని నన్ను లాగారు. రెండు ముక్కల్లో చెప్పలేక ఈ లేఖ రాస్తున్నాను.

ముందే ఒకటి ఒప్పుకుంటాను. నేను మలేషియా పౌరుణ్ని కాదు, సింగపూర్ పౌరుణ్నీ కాదు. నా పాస్‌పోర్టు భారత్‌ది, పుట్టింది కరీంనగర్ దగ్గర. ఉద్యోగం కోసం 2007లో ఇక్కడికి, సింగపూర్‌కు వచ్చాను, పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వచ్చింది, ఉండిపోయాం. అయినా ఈ విషయంలో మాట్లాడే అర్హత నాకు రెండు వైపుల నుంచి ఉందనుకుంటున్నాను. ఒకటి, పీఆర్ కుటుంబంలో మగపిల్లవాడు కాబట్టి మా అబ్బాయి ఇక్కడి సైన్యంలో రెండేళ్ల సర్వీసు చేస్తున్నాడు. రెండోది, కలపడం, విడదీయడం అనే పనులు ఎలా జరుగుతాయో, కాగితం మీద రాసుకున్నది తర్వాత ఏమవుతుందో మా తరం తెలంగాణ వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పెద్దాయన మాటలో నిజం లేదని నేను అనను. 1967 దాకా రెండు చోట్లా ఒకే డబ్బు. ఆ తర్వాత వేరు వేరు నోట్లు వచ్చినా 1973 దాకా ఒక డాలరుకు ఒక డాలరు చెల్లేది. ఇప్పుడు ఒక సింగపూర్ డాలరుకు మూడు మలేషియా రింగిట్లకు పైనే వస్తున్నాయి. విమాన సంస్థ కూడా 1972 దాకా ఒకటే. సింగపూర్ జాతీయ గీతం ఇవాళ్టికీ మలయ్ భాషలోనే ఉంది. మా అబ్బాయి పొద్దున్నే నిలబడి పాడేది అదే, కవాతులో వినే ఆజ్ఞలూ మలయ్‌లోనే. అక్క మలేషియాలోని ఈపోలో, చెల్లెలు సింగపూర్‌లోని అంగ్ మో కియోలో ఉన్న కుటుంబాలు మీలోనే ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు. సింగపూర్‌ను మలేషియాలోని జొహోర్ రాష్ట్రంతో కలిపే కాజ్‌వే, అంటే సముద్రం మీది కట్ట రోడ్డు, పొడవు కిలోమీటరు పైన కొద్దిగా. ఆ కాస్త దూరానికి రెండు చోట్ల పాస్‌పోర్టు తీయాలంటే ఎవరికైనా చిరాకే.

అయితే ఈ ఇల్లు ఒకప్పుడు ఎలా ఒకటైందో చూడండి. 1961 మేలో మలయా ప్రధాని తుంకు అబ్దుల్ రహ్మాన్ సింగపూర్‌లో ఒక హోటల్ ప్రసంగంలో కలయిక ఊసెత్తారు. 1962 సెప్టెంబరు 1న సింగపూర్ జనాన్ని ఓటు అడిగారు. ఆ బ్యాలెట్‌లో మూడు గళ్లు ఉన్నాయి. మూడూ కలవడానికే. ఏ షరతులతో కలుస్తారన్నదే తేడా. వద్దు అనడానికి గడి లేదు. పెళ్లికూతుర్ని పిలిచి కంచిపట్టా, ధర్మవరమా, గద్వాలా అని అడిగి, ఈ పెళ్లి నీకు ఇష్టమేనా అని మాత్రం అడగకపోవడం లాంటిది. వద్దనుకున్నవాళ్లు ఖాళీ బ్యాలెట్ వేశారు. అలా వేసినవాళ్లు నూటికి పాతికమంది. 71 శాతం మొదటి గడికి వేశారు. 1963 సెప్టెంబరు 16న మలయా, సింగపూర్, బోర్నియో దీవిలోని సబా, సారవాక్ కలిసి మలేషియా అయింది. బ్రూనై చివరి నిమిషంలో రానంది.

మా దగ్గర 1956లో ఆ మాత్రం గళ్లు కూడా లేవు. రాష్ట్రాల పునర్విభజన కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ హైదరాబాద్ రాష్ట్రాన్ని కొన్నాళ్లు విడిగానే ఉంచమంది. 1961 ప్రాంతంలో ఎన్నికలయ్యాక అక్కడి శాసనసభలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటేనే ఆంధ్రతో కలపమంది. అంత దాకా ఎవరూ ఆగలేదు. 1956 ఫిబ్రవరిలో ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు, నవంబరు 1కల్లా రాష్ట్రం అయిపోయింది. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు కావాలని ఆ కాగితంలో ఉంది. మొదటి మంత్రివర్గంలోనే ఆ పదవి కనిపించలేదు. ఆంధ్ర మిత్రులు ఈ కథను వేరే విధంగా చెబుతారు, చెప్పనివ్వండి. నేను అంటున్నది ఒకటే. ఆ కాగితం ఎవరి దగ్గరికి తీసుకెళ్లి అమలు చేయమని అడగాలో ఎవరికీ తెలియలేదు. 1969లో రోడ్ల మీదికి వచ్చి అడిగారు. 2014 జూన్ 2న విడిపోయాక కానీ ఆ గోల ఆగలేదు. ఆగిందనడమూ పూర్తిగా నిజం కాదు. విభజన చట్టంలోని తొమ్మిది, పది షెడ్యూళ్ల సంస్థల పంపకం తెగనే లేదు.

సింగపూర్ కాగితంలో ఏముందో చూడండి. విద్య, కార్మిక శాఖలు దాని చేతిలోనే ఉంటాయి. బదులుగా ఫెడరల్ పార్లమెంటులో 159 సీట్లలో 15 మాత్రమే. వసూలయ్యే ఆదాయంలో 40 శాతం కౌలాలంపూర్‌కు కట్టాలి. బోర్నియో రాష్ట్రాలకు 15 కోట్ల డాలర్ల అప్పు ఇవ్వాలి. ఇంత ఒప్పుకున్నది దేనికంటే ఉమ్మడి మార్కెట్ కోసం. సింగపూర్‌లో తయారైన సరుకు 12 ఏళ్లలో మెల్లమెల్లగా మలేషియా అంతటా సుంకం లేకుండా అమ్ముకునేలా చేస్తామన్నారు. ఒక చిన్న ఊరు పెద్ద ఇంట్లోకి వెళ్లేది సంత కోసమే కదా. ఆ సంత తెరుచుకోలేదు. 1964 చివరికి ఫెడరల్ ఆర్థిక మంత్రి టన్ సియూ సిన్ మాత్రం 40ని 60 శాతం చేయమని అడిగారు.

ఇక మిగతాది మీకు నాకంటే బాగా తెలుసు. 1964 జూలై 21న ప్రవక్త జయంతి ఊరేగింపులో మొదలైన మలయ్-చైనీయుల అల్లర్లలో 23 మంది చనిపోయారు, సెప్టెంబరులో మరో 13 మంది. "మలేషియా మలేషియన్లది" అన్న సింగపూర్ నేతల నినాదం ఒకవైపు, మలయ్‌ల ప్రత్యేక హక్కులకు ముప్పన్న భయం ఇంకోవైపు. 1965 ఆగస్టు 9న కౌలాలంపూర్ పార్లమెంటు 126-0తో సింగపూర్‌ను పంపించేసింది. సింగపూర్ ప్రధాని లీ క్వాన్ యూ టీవీ కెమెరాల ముందు ఏడ్చారు. మొత్తం కాపురం 23 నెలలు.

పంక్తిలో ఒకాయన "మీరే వెళ్లిపోయారు" అన్నారు. ఇక్కడి పిల్లలు బడిలో "మమ్మల్ని వెళ్లగొట్టారు" అని చదువుకుంటూ పెరిగారు. నిజం ఈ రెంటికీ మధ్యలో ఉంది. సింగపూర్ ఆర్థిక మంత్రి గో కెంగ్ స్వీ తన దగ్గర ఒక ఫైలు పెట్టుకుని దానికి అల్బట్రాస్ అని ఒక సముద్రపు పక్షి పేరు పెట్టారు. మెడకు చుట్టుకున్న పాపం అనే అర్థంలో. మలేషియా ఉప ప్రధాని తున్ రజాక్‌తో కూర్చుని పూర్తిగా తెగతెంపులే మేలని మాట్లాడుకున్నది తనేనని ఆయనే తర్వాత చెప్పారు. అంటే లోపల లోపల ఇద్దరూ అనుకునే విడిపోయారు. కొన్ని ఇళ్లలో తోడికోడళ్ల కొట్లాట బయటికి వినిపిస్తుంటుంది, అన్నదమ్ములు మాత్రం ఎప్పుడో కరణాన్ని కలిసి వచ్చి ఉంటారు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న విషయానికి వస్తాను. నీళ్లు.

కాజ్‌వే మీద బస్సులో వెళ్తుంటే పక్కనే బారుగా పడుకున్న పెద్ద పైపులు కనిపిస్తాయి. జామ్‌లో ఇరుక్కుని వాటిని ఎన్ని వందల సార్లు చూశానో. జొహోర్ నది నుంచి రోజుకు 25 కోట్ల గ్యాలన్ల దాకా తీసుకునే హక్కు సింగపూర్‌కు ఉంది. మన లెక్కలో ఏడాదికి సుమారు 15 టీఎంసీలు. ధర వెయ్యి గ్యాలన్లకు 3 సెన్లు (సెన్ అంటే రింగిట్‌లో నూరో వంతు). హైదరాబాద్‌లో 5000 లీటర్ల ట్యాంకర్ అంటాం చూడండి, దాదాపు ఆ ట్యాంకర్‌కు రూపాయి కూడా పడదు. శుద్ధి చేసిన నీళ్లలో కొన్నిటిని జొహోర్ తిరిగి 50 సెన్లకు కొనుక్కుంటుంది. ఈ ఒప్పందం 1962 నాటిది, 2061 దాకా నడుస్తుంది.

ఈ ధర అన్యాయమని మీరంటారు. నిజానికి నాకూ అలాగే అనిపిస్తుంది. పాతికేళ్లు కాగానే 1987లో ధర సమీక్షించే అవకాశం మలేషియాకు వచ్చింది, అప్పుడు ఊరుకుని ఆ హక్కు పోగొట్టుకుందని సింగపూర్ వాదన. హక్కు ఎక్కడికీ పోలేదని మలేషియా వాదన. మలేషియా ప్రధానిగా మహాథిర్ ఉన్న కాలంలో ఈ గొడవ ఎంత ముదిరిందో మీకు గుర్తే. అయినా ఒక్క సంగతి గమనించండి. ధర మారలేదు, నీళ్లు ఆగలేదు.

ఎందుకంటే 1965లో విడిపోతున్నప్పుడు ఆ నీటి ఒప్పందానికి ఇద్దరూ హామీ రాసుకున్నారు. విడిపోయే కాగితంలోనే దాన్ని చేర్చి, ఆ కాగితాన్ని ఐక్యరాజ్యసమితిలో నమోదు చేయించారు. అదే 1963 కాగితంలో రాసుకున్న ఉమ్మడి మార్కెట్ మాత్రం ఒకే దేశంలో ఉండగానే చచ్చిపోయింది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండగా ఇచ్చిన మాట రెండేళ్లు నిలవలేదు. వేరుపడ్డాక ఇచ్చిన మాట అరవై ఏళ్లుగా, నష్టమని అనుకుంటూనే, తిట్టుకుంటూనే నిలబడింది. రెండు దేశాలు సంతకం చేస్తే అది ఒప్పందం. ఒక దేశంలోని చిన్న రాష్ట్రానికి కేంద్రం ఇచ్చేది హామీ మాత్రమే, వచ్చే బడ్జెట్‌లో దాన్ని మార్చేయొచ్చు.

మీకు దూరపు ఉదాహరణ అక్కర్లేదు. ఇల్లు వదలకుండా ఉన్నవాళ్లను చూడండి. సబాకు తన దగ్గర వసూలయ్యే నికర ఆదాయం 1963 కంటే ఎంత పెరిగితే అందులో 40 శాతం తిరిగి ఇస్తామని 1963లో రాసిచ్చారు. 1974 నుంచి ఆ లెక్క సమీక్షే జరగలేదని వాళ్లు కోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చింది. సబా, సారవాక్‌లను 1976లో రాజ్యాంగం మార్చి మిగతా రాష్ట్రాల వరసలో పడేశారు. ఆ పేరా మళ్లీ సరిచేయడానికి 2021 డిసెంబరు దాకా పట్టింది. మొదట్లో సింగపూర్, సబా, సారవాక్ ముగ్గురికీ కలిపి 159లో 55 సీట్లు ఉండేవి. మూడో వంతు పైనే. రాజ్యాంగం మార్చడానికి మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి, అంటే వాళ్లను అడగాలి. సింగపూర్ పోయాక మిగిలింది 144లో 40. సింగపూర్ వెళ్లిపోవడం వల్ల ఎక్కువ నష్టపోయింది ఎవరంటే నన్నడిగితే సబా, సారవాక్ అంటాను. తిరిగి రమ్మని పిలిచే హక్కు ఎవరికైనా ఉంటే వాళ్లకే ఉంది.

మా నీళ్ల సంగతీ చెప్తాను, ఇది నాకే సిగ్గు. కృష్ణా నీళ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 811 టీఎంసీలు. తాత్కాలికమంటూ 2015లో 512, 299గా పంచుకున్న లెక్క మీద రెండు రాష్ట్రాలూ ట్రిబ్యునల్ ముందు కొట్లాడుకుంటూనే ఉన్నాయి. ఒకే దేశం, ఒకే సుప్రీంకోర్టు, ఒకే భాష. నాగార్జునసాగర్ డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడడం 2023 నవంబరులో చూశాం. ఇక్కడ వేరు వేరు దేశాలు, వేరు వేరు సైన్యాలు ఉండి కూడా పైపు దగ్గర ఎవరూ ఎవర్నీ తొయ్యలేదు.

మీ గ్రూపులో ఒక తమ్ముడు ఇంకో వాదన చేశాడు. అందరి వాదనల్లో బలమైనది అదే కాబట్టి దాటెయ్యను. "సింగపూర్ మనలో ఉండుంటే మలయేతరుల లెక్క పెరిగేది, యూనివర్సిటీ సీట్ల దగ్గర, ప్రభుత్వ ఉద్యోగాల దగ్గర మన గోడు వినేవాళ్లు" అన్నాడు. 1969 మే 13 మలయ్-చైనీయుల అల్లర్లు, మలయ్‌లకు ముందు చోటిచ్చిన 1971 కొత్త ఆర్థిక విధానం తర్వాత ఇన్ని తరాలు చూసినవాడికి ఆ ఆశ పుట్టడం సహజం. మంచి మార్కులు వచ్చినా సీటు రాక పిల్లల్ని బయటికి పంపినవాళ్లు ఆ పంక్తిలోనే నలుగురున్నారు. తప్పుపట్టను. కానీ తమ్ముడూ, సింగపూర్‌ను బయటికి పంపింది సరిగ్గా ఆ లెక్కే. మలయా, సింగపూర్ రెండే కలిస్తే చైనీయులు మలయ్‌లను దాటిపోతారన్న లెక్క తుంకు మొదటి రోజునే వేసుకున్నారు. బోర్నియో రాష్ట్రాలను అందుకే కలుపుకున్నారు. ఇవాళ మళ్లీ కలపమంటే, ఎవరైనా ముందు తెరిచేది ఆ జనాభా లెక్కల పుస్తకాన్నే. నీకు అది బలంగా కనిపిస్తుంది, నీ పక్కింటి మలయ్ కుర్రాడికి అదే టెన్షన్. అరవై లక్షల మందిని ఓట్ల కోసం ఇంట్లోకి తెచ్చుకుంటే ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. నీ హక్కు నువ్వు నీ దేశంలో నీ ఓటుతో సాధించుకోవాల్సిందే. పక్కింటి నుంచి అరువు తెచ్చుకునేది కాదు.

లీ క్వాన్ యూ కూడా 1996లో ఒకసారి ఈ మాట కదిపారు. మలేషియా జాతి చూడకుండా ప్రతిభకే చోటిచ్చే పద్ధతికి వస్తే సింగపూర్ తిరిగి కలవొచ్చని. ఆయన దాన్ని ఆహ్వానంగా అన్నారో, చురకగా అన్నారో మీరే చెప్పండి. నాకైతే ఎప్పటికీ రాని ముహూర్తం పెట్టినట్టు అనిపించింది. ఇటువైపు జనాన్ని హెచ్చరించడానికి కూడా అదే మాట వాడారు, మనం వెనకబడితే మళ్లీ వాళ్ల గడప తొక్కాల్సి వస్తుంది అన్నట్టు. పుట్టింటిని బూచిగా చూపించి పిల్లల్ని చదివించడం నాకు నచ్చలేదు.

ఇంత చెప్పాను కదా అని సింగపూర్‌ను నెత్తిన పెట్టుకుంటున్నానని అనుకోకండి. ఇక్కడ తమిళం అధికార భాష, ప్రభుత్వ బడుల్లో హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ కూడా మాతృభాషగా చదువుకోవచ్చు. తెలుగు లేదు. కరీంనగర్ వాడి కొడుకు మాతృభాష పరీక్షలో హిందీ రాశాడు. మీ పెద్దాయన మూడు తరాల క్రితం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కొబ్బరితోటల కూలీల మనవడు, ఆయన "ఒరే" అంటే మా అబ్బాయికి సగం అర్థమైంది. షిప్‌యార్డులో వెల్డింగ్ చేసే శ్రీకాకుళం కుర్రాళ్లను సాయంత్రం లారీ వెనక కూర్చోబెట్టి తీసుకెళ్లడం ఇంత సంపన్న దేశంలో నేను చూస్తూనే ఉన్నాను. 735 చదరపు కిలోమీటర్లు, పాత జీహెచ్ఎంసీ కంటే కాస్త పెద్దది. ఆ కాస్త జాగా నడిచేది పొద్దున్నే జొహోర్ నుంచి వచ్చే చేతుల వల్ల.

ఆ చేతుల్లో ఒకటి మీకందరికీ తెలిసినవాడిది. పెళ్లికూతురి అన్న, నా ఆఫీసులో నా పక్క సీటు. నన్ను అన్నా అంటాడు, పేరు రాయను, మీకు తెలుసు. తెల్లవారుజామున నాలుగుకు అలారం, నాలుగున్నరకు బైకు, కాజ్‌వే మీద హెల్మెట్ల మధ్య ఒక హెల్మెట్. ఏడుకల్లా మా ఆఫీసు కిందున్న కొట్టులో కోపి (కాఫీ) సంచి పట్టుకుని నిలబడి ఉంటాడు. రెండు దేశాల మధ్య రోజుకు మూడు లక్షలకు పైగా మనుషులు ఇలా దాటుతారు.

2020 మార్చి 16 రాత్రి మలేషియా ప్రధాని టీవీలో చెప్పారు, 18 నుంచి సరిహద్దు మూత అని. మధ్యలో ఒక్క రోజు. 17 సాయంత్రం వాడు ఒక బ్యాగు, ఒక దిండుతో మా గుమ్మం ముందు నిలబడ్డాడు. దిండు ఎందుకు తెచ్చావురా అంటే, "రెండు వారాలే కదన్నా, మీ దిండ్లు నాకు పడవు" అన్నాడు. అప్పటికి వాడి కూతురికి మూడు నెలలు. మా ఇల్లు వుడ్‌లాండ్స్‌లో పదకొండో అంతస్తు, వంటింటి కిటికీలోంచి నీళ్లకు అవతల జొహోర్ కనిపిస్తుంది. వాడి అపార్ట్‌మెంటు ఏ వైపు ఉందో మా ఆవిడకు కూడా నేర్పాడు. రాత్రి వీడియో కాల్‌లో వాళ్లావిడ బాల్కనీ లైటు రెండుసార్లు ఆర్పి వెలిగించేది. మాకు కనిపించేది కాదు. కనిపించిందనే చెప్పేవాడు.

దారి తర్వాత అక్కడక్కడా తెరిచారు, అటు కొన్ని రోజులు, ఇటు కొన్ని రోజులు క్వారంటైన్. అన్ని సెలవులు ఎవరిస్తారు? 2021 నవంబరు 29న క్వారంటైన్ లేకుండా బస్సులు మొదలైనప్పుడు వాడికి సీటు దొరికింది. ఇంటికెళ్లాక వాడి కూతురు నడుచుకుంటూ తలుపు దాకా వచ్చి, తల్లి వెనక్కి పోయి, "అంకుల్" అంది.

ఆ ఇరవై నెలలూ ఆ ఖాళీ కాజ్‌వే పక్క పైపుల్లో నీళ్లు ఒక్క రోజు కూడా ఆగలేదు. కోళ్లు, కూరగాయల లారీలు కూడా వచ్చాయి. ఆగింది మనుషులు ఒక్కరే. నీళ్లకు కాగితం ఉంది. రోజూ దాటే మనిషికి లేదు.

అందుకే నా విన్నపం ఇది. సింగపూర్ తిరిగి రావాలన్న తీర్మానం మీ సంఘ సమావేశంలో పెడతామన్నారు కదా, అది పక్కన పెట్టండి. దాని బదులు ఇంకో తీర్మానం చేయండి. రోజూ పనికి దాటేవాళ్ల కోసం రెండు ప్రభుత్వాలూ నీటి ఒప్పందం లాంటిదే రాసుకోవాలని, దాన్నీ ఐక్యరాజ్యసమితిలో నమోదు చేయించాలని అడగండి. రోగాలు వచ్చినా, గొడవలు వచ్చినా ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఇరుక్కున్నవాడిని ఎవరు, ఎన్ని రోజుల్లో ఇంటికి చేర్చాలి, అంతవరకు పడుకోవడానికి చోటు ఎవరివ్వాలి, ఇవి రాయించండి. అన్ని ఫ్లాట్లలో నాలాంటి అన్నలు ఉండరు. ఆ మార్చిలో మొదటి రాత్రులు రోడ్ల పక్కనే పడుకున్నవాళ్లు ఉన్నారు.

రైలు వస్తోంది కదా అంటారు. వుడ్‌లాండ్స్ నార్త్ నుంచి జొహోర్‌లోని బుకిట్ చాగర్‌కు 4 కిలోమీటర్లు, ఒక్కో దిక్కుకు గంటకు పదివేల మంది. ఎక్కేచోటే రెండు దేశాల ముద్రలూ పడతాయి, దిగేచోట మళ్లీ నిలబడక్కర్లేదు. మంచిదే, నేనూ ఎదురుచూస్తున్నాను. 2025 జనవరిలో జొహోర్-సింగపూర్ ప్రత్యేక ఆర్థిక మండలికి సంతకాలయ్యాయి, అదీ మంచిదే. 1963లో ఒకే జెండా కింద తెరుచుకోని సంత ఇప్పుడు రెండు జెండాల మధ్య మెల్లగా తెరుచుకుంటోంది. బ్రూనై చూడండి, 1963లో ఏ కాపురంలోనూ చేరలేదు, అయినా 1967 నుంచి ఈ రోజుదాకా దాని డాలరు సింగపూర్‌లో డాలరుకు డాలరు చెల్లుతుంది. కానీ కౌలాలంపూర్-సింగపూర్ బుల్లెట్ రైలు కూడా ఇలాగే వస్తుందన్నారు, 2020 ఆఖరుతో ఆ ఒప్పందం గడువు తీరి ఆగిపోయింది. రైలు రావడం, పోవడం ప్రభుత్వాల ఇష్టం. వాడి కూతురు వాడిని గుర్తుపట్టడం మాత్రం వాళ్ల ఇష్టానికి వదిలేయడానికి నేను ఒప్పుకోను.

ఇంకొక్క మాట, పెద్దాయనతో. తాతగారూ, మా అబ్బాయి మొదటి శిక్షణ పులావు తెకోంగ్ దీవిలో చేశాడు. అవతల ఒడ్డున మీ జొహోరే. రాత్రి కాపలాలో అటు లైట్లు చూస్తూ నిలబడతారట. ఒకసారి ఫోన్‌లో అడిగాడు, "నాన్నా, మనం ఎవరి నుంచి కాపలా కాస్తున్నట్టు?" వాడి పక్క మంచం కుర్రాడి అమ్మమ్మది జొహోర్‌లోని బాటు పహాట్. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను, తర్వాతా చెప్పలేదు. మీరు రెండు జెండాలూ చూసినవారు, రేపు మేం వచ్చినప్పుడు వాడికి మీరే చెప్పండి.

సంక్రాంతికి వస్తున్నాం. మీరు అడిగిన గొడ్డలి బొమ్మ తైలం రెండు సీసాలు కొని పెట్టాను. అక్కడి కొట్లలోనూ దొరుకుతుందని మీ మనవడు అంటున్నాడు, కానీ మీకు సింగపూర్‌దే కావాలి కదా. శుక్రవారం సాయంత్రం బయలుదేరితే కాజ్‌వే మీదే పండగ అయిపోతుంది కాబట్టి శనివారం తెల్లవారుజామున మూడుకు కారు తీస్తాను. పొద్దెక్కేదాకా టిఫిన్ దాచి ఉంచమనండి.

మీ,
వుడ్‌లాండ్స్ అన్న